ఆటకు పట్టిన ‘అట’

మహారాజశ్రీ లీకు వార్త గారి సముఖానికి,

హనుమకొండ నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి కానీ, కుశలంగా ఉన్నది మీరొక్కరే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలసేపు చౌరస్తా దగ్గర జిరాక్సు సెంటర్లో నిలబడ్డాను. తమరి దయే. నలుగురు కూర్చుని పాచికలు వేస్తూ వీరుల కథ నడిపించే ఆటలు ఉంటాయి కదా, అలాంటి ఫలానా ఆటల కంపెనీ తన నిబంధనల పుస్తకాలన్నీ ఆన్‌లైన్‌లోకి మార్చేస్తుందట. డబ్బు పెట్టి కొన్న పీడీఎఫ్‌లు సోమవారం నుంచి తెరుచుకోవట. నెలనెలా చందా కడితేనే చూపిస్తారట. సాక్ష్యంగా, ఎర్ర సున్నా చుట్టిన ఒక స్క్రీన్‌షాట్, పేరు చెరిపేసిన ఒక ఉద్యోగి. నాకు అది చాలింది.

నిబంధనల పుస్తకం 320 పేజీలు. రెండుసార్లు కరెంటు పోయింది. మంత్రాల అధ్యాయం మొత్తం తలకిందులుగా వచ్చింది. ఆధార్ కాపీ కోసం నా వెనుక నిలబడ్డ పెద్దాయన నిట్టూర్పులు నా మెడకు తగులుతూనే ఉన్నాయి. జిరాక్సు అబ్బాయి డ్రాగన్ బొమ్మను ఎగాదిగా చూసి, “ఏ పరీక్షకు సార్?” అని మర్యాదగా అడిగాడు. “గ్రూప్-2” అన్నాను. స్పైరల్ బైండింగుతో కలిపి 560 రూపాయలైంది.

అక్కడ కాజీపేటలో నలుగురు మిత్రులు పాచికలు ముందు పెట్టుకుని నా కోసం కూర్చున్నారు. వాళ్ల వీరులను మూడు వారాల క్రితం ఒక గుహ ముందు నిలబెట్టి వచ్చాను. ఇప్పటికీ అక్కడే ఉన్నారు పాపం. సాయంత్రానికి కంపెనీ వారు అలాంటి ఆలోచనే లేదని తేల్చేశారు. పాచిక చేత్తో పట్టకుండానే నాకు అన్నిటికంటే తక్కువైన ఒకటి పడింది.

మిమ్మల్ని ఎందుకు నమ్మానో చెప్పనా? ఎప్పుడూ అబద్ధమే చెప్పేవారైతే మీతో నాకు ఏ పేచీ లేదు. మీరు ఒకసారి నిజం చెప్పారు. అదీ నా బాధ. 2023 జనవరిలో, ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ కంపెనీ విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 2000 నుంచి నడుస్తున్న ఓపెన్ గేమ్ లైసెన్సును, అంటే తన ఆట నిబంధనలతో ఇతరులూ పుస్తకాలు వేసి అమ్ముకోవచ్చన్న అనుమతిని, పక్కన పెట్టబోతోందన్నారు. ఏటా ఏడున్నర లక్షల డాలర్లు దాటిన అమ్మకాల మీద 25 శాతం అడుగుతుందన్నారు. అక్షరాలా కొత్త లైసెన్సు ముసాయిదాలో ఉన్నదే చెప్పారు. ఆటగాళ్లు భగ్గుమన్నారు, చందాలు రద్దు చేసుకున్నారు. ఆ నెల 27న కంపెనీ వెనక్కి తగ్గి, మూల నిబంధనలను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలేసింది. ఆ రోజు మీకు మనసులోనే కొబ్బరికాయ కొట్టాను.

మరి అదే నెలలో, అదే నోటితో ఏమన్నారు? నెలకు 30 డాలర్ల చందా వస్తుందట. ఆట నడిపించే మనిషి స్థానంలో కృత్రిమ మేధను కూర్చోబెడతారట. ఆ రెండూ కావని కంపెనీ చెప్పేలోపు, ఆట నడిపించే మనిషిని నేనే కాబట్టి, నాకు నిద్ర లేదు. కొబ్బరికాయ ముక్కలు ఏరుకోవడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు మీరు.

మా బాబాయి ఏటా మిర్చి బస్తాలతో ఎనుమాముల మార్కెట్‌కు వస్తాడు. ఒక ఏడాది “రేపు ధర పెరుగుతుందట” అన్న మాట సరిగ్గా ఫలించింది. ఆ తర్వాత ఎవరు ‘అట’ అన్నా బస్తాలు దించకుండా ఆగిపోతాడు. ఆయనను చూసి నవ్వేవాణ్ణి. ఇప్పుడు నా చంకలో స్పైరల్ పుస్తకం ఉంది.

అసలు నీ ఒంట్లో ఉన్న ఎముక ఆ ‘అట’ ఒక్కటే కదా! అది తీసేస్తే కుప్పకూలతావు. అవును, నువ్వే. ఇంతసేపు ‘మీరు’ అన్నది నా పెంపకం. ఆటకూ అటకూ మధ్య ఉన్నది ఒక్క దీర్ఘం. ఆ దీర్ఘాన్ని మింగేసి నా ఆదివారాన్ని కూడా మింగావు. ఒక్కసారైనా తిరిగొచ్చి “పొరపాటైంది” అన్నావా? సోమవారం ఉదయానికి ఇంకో కంపెనీ గుమ్మం ముందు తేలావు.

నిన్ను పూర్తిగా తరిమేయడమూ నా వల్ల కాదు. నువ్వు నోరు విప్పకపోతే ఆ లైసెన్సు సంతకాలయ్యాకే మాకు తెలిసేది. పోనీ, అధికారిక ప్రకటనలనే నమ్ముదామా? 2024 ఆగస్టులో డీ అండ్ డీ బియాండ్, అంటే అదే ఆటకు ఆ కంపెనీ నడిపే వెబ్‌సైటు వారు, పాత మంత్రాల చోట కొత్తవి పెట్టేస్తామని స్వయంగా ప్రకటించి, గోల లేచాక కొద్ది రోజుల్లోనే మానుకున్నారు. మీ ఇద్దరి మధ్య మా బతుకు ఆ గుహ ముందున్న నలుగురిలా ఉంది.

చిన్న మనవి. జిరాక్సు అబ్బాయి మంచివాడు. ఈ వారంలో రెండుసార్లు నన్ను ఆపి, “రిజల్టు వచ్చిందా సార్?” అని ఆశగా అడిగాడు.

“వస్తుందట” అన్నాను.

ఇట్లు,
నీ 560 రూపాయల బాధితుడు