గిటార్ టోనా, దోమల రొదా?

కంప్యూటర్లో గిటార్ రికార్డ్ చేసేవాళ్లు డజన్ల కొద్దీ ప్లగిన్లు (ధ్వనిని మార్చే సాఫ్ట్‌వేర్లు) దింపుకుంటారు, గిటార్ కేబుల్ మాత్రం తీసుకెళ్లి ఇంటర్‌ఫేస్ (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చుతారు. ఆపై "టోన్ మొద్దుగా ఉంది" అని గోల. ఉండదా మరి! పాసివ్ పికప్‌కి (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే, బ్యాటరీ లేని భాగం) ఎదురుగా దాదాపు 1 మెగాఓమ్ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) ఉండాలి. లైన్ ఇన్‌పుట్‌లో మామూలుగా ఉండేది పది ఇరవై కిలోఓమ్‌లు. పై ఫ్రీక్వెన్సీలు అక్కడే చచ్చిపోతాయి, తర్వాత ఈక్వలైజర్‌తో ఎంత గింజుకున్నా ఆ మెరుపు తిరిగి రాదు. ఇంటర్‌ఫేస్ మీద 'ఇన్‌స్ట్రుమెంట్' అని బటన్ ఉంటుంది కదా, దాన్ని నొక్కడానికేం రోగం?

ఇంకో తలనొప్పి, డబ్బాలో దోమలు దూరినట్టు జుయ్‌మనే డిస్టార్షన్. యాంప్ సిమ్ (గిటార్ యాంప్లిఫయర్‌ని అనుకరించే ప్లగిన్) పెట్టి క్యాబినెట్ ఐఆర్ (స్పీకర్ డబ్బా ధ్వని తీరుని పట్టుకున్న ఫైలు) మర్చిపోతే అంతే. అసలైన గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక దాదాపు నోరు మూసుకుంటుంది. కంప్యూటర్లో ఆ పని చేసేది ఐఆరే. అలాగని ప్లగిన్‌లో క్యాబినెట్ ఆన్‌లో ఉండగానే ఇంకో ఐఆర్ తగిలించారో, దుప్పటి కప్పిన చప్పుడే.

రికార్డ్ చేసేటప్పుడు పీకులు (సిగ్నల్ అందుకునే గరిష్ఠ స్థాయులు) మైనస్ 12 డీబీ దగ్గర ఆగితే చాలు. ఎర్రలైటు వెలగడం వీరత్వం కాదు, క్లిప్పింగ్, అంటే సిగ్నల్ హద్దు దాటి తెగిపోవడం.

అన్నిటికన్నా ఒళ్లు మండేది, "డబుల్ ట్రాకింగ్" (ఒకే భాగాన్ని రెండుసార్లు వాయించి రికార్డ్ చేయడం) అంటూ ఒకే టేకుని కాపీ కొట్టి కుడి ఎడమలకు పంచడం. రెండూ ఒకటే కాబట్టి వినిపించేది నడిమధ్యనుంచే, కాస్త పెద్దగా. రెండోసారి వాయించండి బాబూ! ఆ గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) కూడా కాస్త తగ్గించి.