మత్తుమందును పట్టే సెన్సర్ ముందు మన క్యాజువాలిటీలో నెగ్గాలి

స్పృహ లేని కుర్రాణ్ణి అర్ధరాత్రి ఒంగోలు ఆసుపత్రికి తెచ్చారనుకుందాం. కంటిపాప గుండుసూది మొనంత అయిపోయింది. మిర్చి, పొగాకు పండే ప్రకాశం జిల్లాలో ఎవరికైనా ముందు తట్టేది పురుగుల మందే. కానీ మార్ఫిన్ జాతి మత్తుమందులు మోతాదు మించినా కంటిపాప అలాగే ముడుచుకుపోతుంది. మొదటిదానికి విరుగుడు అట్రోపిన్, రెండోదానికి నలాక్సోన్. చెమట, నోటి నురగ, వాసన చూసి అనుభవమున్న డాక్టర్లు చాలావరకు తేల్చేస్తారు. ఊపిరి మందగిస్తే పరీక్ష కోసం ఆగరు, నలాక్సోన్ ఇచ్చేస్తారు. అసలు టెన్షన్ ఆ తర్వాతే. నలాక్సోన్ ప్రభావం గంట, గంటన్నరలో తగ్గిపోతుంది. మింగింది ఎక్కువసేపు పనిచేసే మందైతే ఊపిరి మళ్లీ పడిపోతుంది. ఏం మింగాడో తెలియాల్సింది అప్పుడే.

మార్ఫిన్ కోసం తయారైన మామూలు మూత్రం స్ట్రిప్‌కు అదే జాతి కృత్రిమ మందులైన ట్రామడాల్, ఫెంటానిల్ సాధారణంగా దొరకవు. అణువులను వాటి బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ కచ్చితంగా చెబుతుంది గానీ, ఆ యంత్రం క్యాజువాలిటీ పక్కన ఉండదు. ఈ లోటు తీర్చడానికే కార్బన్ డాట్లు, క్వాంటమ్ డాట్లతో సెన్సర్లు తయారుచేస్తున్నారు. కొద్ది నానోమీటర్ల ఈ రేణువులు అల్ట్రావయొలెట్ కాంతి పడితే వెలుగుతాయి. వాటికి అతికించిన ఆప్టమర్ (ఫలానా మందునే పట్టుకునేలా తయారుచేసిన డీఎన్‌ఏ లేదా ఆర్‌ఎన్‌ఏ ముక్క) మీద మందు అణువు వచ్చి కూర్చుంటే ఆ వెలుగు తగ్గడమో పెరగడమో జరుగుతుంది. ఆ తేడాను కొలుస్తారు.

ఈ పద్ధతి మీద నాకు నమ్మకముంది. ల్యాబ్ ఫలితాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టు నమ్మలేను. చాలా ప్రయోగాల్లో వాడేది బాగా పలచన చేసి, మందు కలిపిన మూత్రం. మన దగ్గర బీ కాంప్లెక్స్ మాత్ర వేసుకోనివాళ్లు తక్కువ. అందులోని రైబోఫ్లేవిన్ మూత్రంలోకి వచ్చి, అదే కాంతికి తానే పచ్చగా మెరుస్తుంది. రక్తంలో హిమోగ్లోబిన్ వెలుగును మింగేస్తుంది, మందు లేకున్నా ఉన్నట్టు కనిపించవచ్చు. రెండు రంగుల వెలుగును పోల్చి చూసే సెన్సర్లతో ఈ తిప్పలు కొంత తగ్గుతాయి, పూర్తిగా పోవు. ఇక మసాలాలో నూరే గసగసాల్లో నిజంగానే కాస్త మార్ఫిన్ ఉంటుంది. సెన్సర్ ఎంత సున్నితమైతే మటన్ కూర తిన్నవాడు దొరికిపోయే అవకాశం అంత ఎక్కువ.

అందుకే నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రుల రోగుల మూత్రంతోనే ఈ సెన్సర్‌ను పరీక్షించాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లు, నొప్పికి మార్ఫిన్ వాడే క్యాన్సర్ రోగులు కూడా అందులో ఉండాలి. ప్రతి ఫలితాన్నీ మాస్ స్పెక్ట్రోమెట్రీతో సరిచూడాలి.

2018 నుంచి ట్రామడాల్ మత్తుమందులను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చింది కాబట్టి, చేతిలో పట్టే కిట్ వస్తే పోలీసులూ అడుగుతారు. అది చెప్పేది అనుమానం మాత్రమే. నిర్ధారణ రిపోర్టు జతచేయకుండా క్యాజువాలిటీ ఫలితం కేస్ షీట్ దాటి బయటికి వెళ్లకూడదన్న షరతును, కిట్లు కొనే టెండర్‌లోనే రాయాలి.