తూకం సరిపోయిన బస్తా

వీర్రాజు మండపేటలో ఒక రైసు మిల్లులో కాటా గుమాస్తా. వయసు 54. పెళ్లినాడు 62 కిలోలు, ఇవాళా 62 కిలోలే. ఈ మాట రోజుకి ఒక్కరికైనా చెప్పకపోతే ఆయనకి అన్నం సహించదు. నిన్న మిల్లులో హెల్త్ క్యాంపు పెట్టారు. అక్కడిచ్చిన చీటీని మడతపెట్టి చొక్కా జేబులో దాచాడు. ఆ చొక్కా ఉతికేది ఎవరో మర్చిపోయాడు.

సత్యవతి వరండాలో మల్లెమొగ్గలు ముందేసుకుని దండ కడుతోంది.

సత్యవతి: ఏవండీ, మీ జేబులో చీటీ దొరికింది. 30 అని రాసుంది. ఏమిటది?

వీర్రాజు: అదా... టోకెన్ నంబరు.

సత్యవతి: టోకెన్ నంబరు పక్కన శాతం గుర్తెందుకు?

వీర్రాజు: (పేపరు ఇంకాస్త పైకెత్తి) ప్రింటింగ్ మిస్టేక్.

సత్యవతి: ఫొటో తీసి అమ్మాయికి పంపాను. మీ ఒంట్లో కొవ్వు 30 శాతమట. మగాళ్లకి 25 దాటితేనే ఎక్కువంటారట.

వీర్రాజు: నాకా? కొవ్వా? 62 కిలోలే నేను! ఎత్తుకి తగ్గ బరువుందా లేదా చూసే లెక్క, ఆ బీఎంఐ, 22! క్యాంపులో కుర్రాడే నార్మల్ అని రాసిచ్చాడు. కొవ్వంటే మా ఓనరు గారిది చూడాలి. కుర్చీలోంచి లేస్తే కుర్చీ కూడా వెంట వస్తుంది.

సత్యవతి: ఆయన సంగతి వాళ్లావిడ చూసుకుంటుంది. 62లో 30 శాతమంటే 18.6 కిలోలు. మనం పండక్కి తెచ్చే 15 కిలోల నూనె డబ్బా ఒకటి, దాని మీద ఇంకో మూడున్నర కిలోల పైనే. ఇంత సన్నటి మనిషి అంత డబ్బా ఎక్కడ దాచారండీ?

వీర్రాజు: ఆ మిషనూ ఓ మిషనేనా? కాళ్లకి చెప్పులు విప్పించి, చేతికి రెండు పిడులిచ్చి, ఏదో కరెంటు పంపించారు. తెలీనంత సన్నటి కరెంటట. ఒంట్లో నీళ్లు ఎక్కువైతే ఒక లెక్క, తక్కువైతే ఇంకో లెక్క చూపిస్తుందని ఆ కుర్రాడే ఒప్పుకున్నాడు. నేను నిన్న సరిగ్గా నీళ్లు తాగలేదు.

సత్యవతి: సరే, మిషను మాట వదిలేద్దాం. బీఎంఐ మాటో? ఆ లెక్క మొదట కట్టింది డాక్టరు కూడా కాదట. 1830ల్లో కెటిలే అని బెల్జియం ఆయన, నక్షత్రాలు చూసే మనిషి.

వీర్రాజు: జ్యోతిష్కుడా?

సత్యవతి: ఖగోళం, లెక్కలు. అయినా మీ జాతకం మాత్రం తప్పు చెప్పాడు.

వీర్రాజు: ముప్పై ఏళ్లుగా కాటా దగ్గర కూర్చున్న మనిషినే నేను. కాటా అబద్ధం చెప్పదు.

సత్యవతి: చెప్పదు. కాటాకి తెలిసేది బరువే, సరుకు కాదు. ధాన్యం బస్తా తూకం సరిపోయినంత మాత్రాన మీరు దించుకుంటారా?

వీర్రాజు: ఎలా దించుకుంటాం? గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు లాగి మీటర్లో పోస్తాం. తేమ 17 శాతం దాటిందో, ఎంతటి రైతైనా బస్తాలు వెనక్కి తీసుకెళ్లి ఆరబెట్టుకోవాల్సిందే.

సత్యవతి: మరి మీ బస్తాలో 30 ఉంటే?

(ఇక్కడ వీర్రాజు పేపరు మడిచేశాడు. సొంత కాటాతో సొంత మనిషిని తూచడం ఆయన ఊహించలేదు.)

వీర్రాజు: అలా అంటే ఎలాగే... పెళ్లినాటి బరువే కదా ఉన్నాను.

సత్యవతి: పెళ్లినాడు మీరు బస్తాలు భుజాన మోసేవారు. తర్వాత కుర్చీ ఇచ్చారు. ఏడాదికి ఇంత కండ కరిగింది, దాని బదులు ఇంత కొవ్వు చేరింది. కిలో పోయి కిలో వస్తే కాటాకి తేడా ఏం తెలుస్తుంది? ముందు నుంచి చూస్తే మీరు మునక్కాయే. పక్కనుంచి చూస్తే ఆ మునక్కాయకి ఎవరో గుమ్మడికాయ కట్టినట్టున్నారు.

వీర్రాజు: నా ప్యాంటు సైజు ఇప్పటికీ 32!

సత్యవతి: 32 అవదూ మరి? ఏడాదికో అంగుళం బెల్టు కిందకి దించుతుంటే 28 అయినా పడుతుంది. ప్యాంటు సంగతి టైలరుకి తెలుసు, మొలతాడు సంగతి నాకు తెలుసు. అప్పట్లో ముడేశాక జానెడు కొస మిగిలేది. ఇప్పుడు ముడికే చాలట్లేదు.

వీర్రాజు: ఇదంతా అమ్మాయి నూరిపోసిందే. ఫిజియోథెరపీ చదివించింది నా మీద ప్రయోగాలకా?

సత్యవతి: అదింకో కథ కూడా చెప్పింది. 2004లో ఇద్దరు డాక్టర్లు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వాళ్ల ఫొటోలు వాళ్లే వేసుకున్నారట. ఒకాయన పుణె, యాజ్ఞిక్ గారు. ఇంకొకాయన ఇంగ్లండు, యుడ్కిన్ గారు. ఇద్దరికీ బీఎంఐ 22.3. స్కాన్ తీస్తే తెల్లాయనకి కొవ్వు 9.1 శాతం, మనాయనకి 21.2.

వీర్రాజు: చూశావా! అది మన దేశపు గాలి, మన పుట్టుక. నన్నంటావేం?

సత్యవతి: పుట్టుకా ఉందట. మనవాళ్ల పిల్లలు తక్కువ బరువుతో పుట్టినా కొవ్వు మాత్రం దాచుకునే పుడతారని ఆ పుణె డాక్టర్లే చూశారట. కానీ మిగతాది వినండి. ఆ తెల్లాయన మారథాన్లు పరిగెత్తుతాడు. మనాయన వ్యాయామమల్లా, పొద్దున్నే ఆసుపత్రిలో లిఫ్టు తలుపు మూసుకునేలోపు పరిగెత్తడమేనని వాళ్లే రాసుకున్నారట.

వీర్రాజు: పరిగెత్తడమెందుకు? తలుపు పట్టుకోమని కేకేస్తే సరిపోయేదిగా.

సత్యవతి: అందుకే ఆయనది 21, మీది 30.

వీర్రాజు: నేను రోజూ కాలువ గట్టు మీద గంట నడవట్లేదూ?

సత్యవతి: ఇరవై నిమిషాలు నడక, నలభై నిమిషాలు పెసరట్టు. నడిచేటప్పుడైనా ఆయాసం వస్తుందా?

వీర్రాజు: ఛ, ఛ. పాటలు పాడుకుంటూ హాయిగా నడుస్తాను.

సత్యవతి: మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలట, అప్పుడే అది లెక్క. అలాంటివి వారానికి కనీసం 150 నిమిషాలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పైన రెండు రోజులు కండలకి పని పెట్టాలి. మీది కచేరీ.

వీర్రాజు: కండలెందుకే ఈ వయసులో? కుస్తీ పోటీలకా?

సత్యవతి: మీరు తినే అన్నంలో చక్కెర ఎక్కువగా వెళ్లి చేరేది కండలోకేనట. గోడౌన్ చిన్నదైతే మిగతా బస్తాలు ఎక్కడ పెడతారు? మీ మిల్లులో అయితే రోడ్డు మీద. ఒంట్లో అయితే పేగుల చుట్టూ, లివరులో. గిల్లితే చేతికి దొరికే కొవ్వు కాదిది. అటక మీద మీరు దాచిన పాత పేపర్ల లాంటిది. వచ్చినవాళ్లకి కనబడదు, ఇంట్లోవాళ్లకి తెలుసు. లేవండి, గోడకి ఆనుకుని నిలబడండి.

వీర్రాజు: ఎందుకు?

సత్యవతి: మిషను తప్పన్నారుగా. ఈ దారానికి కరెంటూ లేదు, నీళ్లూ అక్కర్లేదు.

(దారం కొస ఆయన మడమ కింద పెట్టింది. గోడ వెంట పైకి లాగి, నడినెత్తి దగ్గర గోరుతో నొక్కి, పళ్లతో తెంపింది. దాన్ని సగానికి మడిచి, అక్కడ మళ్లీ తెంపింది.)

సత్యవతి: మీ ఎత్తులో సగం ఇది. బొడ్డు మీదుగా చుట్టూ రావాలి. ఊపిరి బిగబట్టకండి.

వీర్రాజు: (గొంతులోంచి) బిగబట్టలేదే.

సత్యవతి: సరే, నేనిలాగే పట్టుకుని కూర్చుంటా. నాకేం తొందర లేదు.

(ఆవిడ కూనిరాగం తీసింది. పల్లవి అయింది. చరణం మొదలయ్యేసరికి వీర్రాజు ముఖం టమాటా పండైంది. ఉస్సుమన్నాడు. దారం రెండు కొసలూ ఒకదాన్నొకటి విడిచి దూరంగా పారిపోయాయి.)

సత్యవతి: మీ వేళ్లు మీరే పెట్టి చూసుకోండి ఆ సందులో. ఎన్ని పట్టాయి?

వీర్రాజు: మూడు.

సత్యవతి: చిటికెన వేలు బయట ఊగుతోందెందుకు? దాన్నీ పెట్టండి.

వీర్రాజు: ...నాలుగు. ఏదీ, దారం ఇటివ్వు. నువ్వు లే.

సత్యవతి: నన్నెందుకు? చెంబు దగ్గర్నుంచి గ్యాసు బండ దాకా ఈ ఇంట్లో ఎత్తేదంతా నేనే.

వీర్రాజు: గోడకి ఆనుకో. మడమలు లేపకు.

(కొత్త దారం తెంపాడు. మడిచాడు. చుట్టాడు. వంగి, కళ్లజోడు సర్దుకుని, సందులో వేళ్లు పెట్టాడు.)

వీర్రాజు: రెండు.

సత్యవతి: దారం పూల తడికి ముడుచుకుపోయుంటుంది.

వీర్రాజు: అవునవును. ప్రింటింగ్ మిస్టేక్.

(కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. వీధిలో పునుగుల బండి గంట మోగింది. ఇద్దరూ విననట్టు నటించారు, అదేమంత తేలిక కాదు.)

సత్యవతి: గుంజీలు తీద్దామా? కాళ్లకి మంచిదట. పదితో మొదలెట్టమంది అమ్మాయి.

వీర్రాజు: వినాయకుడి ముందు ఏడాదికి అయిదు తీస్తాగా.

సత్యవతి: చెవులు పట్టుకోండి. మోకాళ్లు నొప్పెడితే ఈ స్తంభం పట్టుకోండి. ఊఁ, లెక్క మీరే పెట్టండి, గుమాస్తా గారు కదా.

వీర్రాజు: ఒకటి... అమ్మో... రెండు... అయిదు...

సత్యవతి: మూడు, నాలుగు ఏవండీ?

వీర్రాజు: తరుగు కింద తీసేశా.