ఉడికించినా పోని విషం

ఆల్చిప్పల విషాలపై మీరు ప్రచురించిన వ్యాసంలో, వాటిని బాగా ఉడికిస్తే ప్రమాదం తొలగిపోతుందని ఉన్న వాక్యాన్ని సవరించాలని సంపాదకులను కోరుతున్నాను. సూక్ష్మ శైవలాల (నీటిలోని కంటికి కనిపించని నాచు) నుంచి ఆల్చిప్పల శరీరంలో పేరుకునే సాక్సిటాక్సిన్ అనే విషం వంట వేడికి నశించదు. నాడీకణాలు సంకేతాలు పంపడానికి తోడ్పడే సోడియం మార్గాలను అది మూసివేయడం వల్ల పెదవుల తిమ్మిరితో మొదలైన బాధ, తీవ్రమైతే శ్వాసకండరాల పక్షవాతం వరకు వెళ్తుంది. దీనికి విరుగుడు లేదు, అయితే సకాలంలో కృత్రిమ శ్వాస అందిస్తే రోగులు సాధారణంగా కోలుకుంటారు.

వ్యాసం ఒక్క మాటతో వదిలేసిన, ఆల్చిప్పల్లో చేరే మరో విషమైన డొమోయిక్ ఆమ్లం నాకు ఇంకా భయంకరంగా తోస్తుంది. 1987లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి ఆల్చిప్పలు తిని వందమందికి పైగా జబ్బుపడ్డారు, కొందరు మరణించారు. మెదడు కణాల మధ్య సంకేతాలు మోసే గ్లుటమేట్‌ అనే రసాయనాన్ని పోలిన ఆ ఆమ్లం, జ్ఞాపకాలను ఏర్పరిచే మెదడు భాగమైన హిప్పోకాంపస్ కణాలను మితిమీరి ఉత్తేజపరచి చంపడంతో, బతికినవారిలో కొందరు కొత్త విషయాలను గుర్తుంచుకునే శక్తినే కోల్పోయారు.