పాపికొండలు లాంచీ షికారుకేనా?

పాపికొండల మీద మీరు వేసిన వ్యాసం బాగుంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి. కానీ పాపికొండలను పూర్తిగా పర్యాటక స్థలంగానే చూపించారు. మా నాయనమ్మకి అది దారి. శ్రీరామనవమికి భద్రాచలం వెళ్లాలంటే రాజమండ్రిలో లాంచీ ఎక్కేవాళ్లట. మూటలో పులిహోర, అటుకులు. ఇసుక మేట తగిలి లాంచీ ఆగితే అందరూ దిగి నడిచేవాళ్లమని నవ్వుతూ చెప్పేది.

తూర్పు కనుమలని గోదావరి కోసుకుంటూ వచ్చింది కాబట్టే ఆ దారి దొరికింది. రెండు పక్కలా నిట్టనిలువు కొండలు, మధ్యలో పాపిడి తీసినట్టు నది. పేరు కూడా అందుకే వచ్చిందంటారు. పైనుంచి వెదురు, టేకు తెప్పలు కట్టి ఈ ఇరుకులోంచే కిందికి తేల్చేవారు.

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర దానితో ఆగలేదు, ఇది మీరు రాయాల్సింది. నాగపూర్ వైపు పత్తిని ఈ నది మీదే సముద్రం దాకా తేవాలని ఆయన ఆలోచన. విచిత్రమేమిటంటే అడ్డం వచ్చింది ఈ కొండల ఇరుకు కాదు, ఇంకా పైన దుమ్ముగూడెం దగ్గర మొదలయ్యే రాళ్ల వరసలు. అక్కడ ఆనకట్ట, కాలువ కట్టారు కానీ పథకం మాత్రం పూర్తికాలేదు.

ఇరుకు కూడా తేలికేం కాదు లెండి. వరదలో నీరు అక్కడ ఒత్తుకుని సుడులు తిరుగుతుంది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి ఏం జరిగిందో చూశాంగా. ఆ వార్త చూసినప్పటి నుంచి మా ఇంట్లో బోటు మాటెత్తితేనే టెన్షన్.