మొదటి షో ఎవడైనా చేస్తాడు, రెండోది ఎప్పుడు?

ఆ మధ్య వైజాగ్ గాజువాకలో ఓ ఫంక్షన్ హాల్లో ఎంఎంఏ షో, అదే బాక్సింగ్, కుస్తీ అన్నీ కలిపి కొట్లాడే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్, ఉందంటే వెళ్లాను. ముందురోజు అక్కడ ఏదో రిసెప్షన్ జరిగినట్టుంది, స్టేజీకి కట్టిన బంతిపూలు అలాగే ఉన్నాయి, వాటి ముందు ఫైటర్లు తలపడే ఇనప కంచె, కేజ్. ఆ కేజ్ వేరే ఊర్నుంచి లారీలో రావాలంట, అది రావడం లేటు, బిగించడం ఇంకా లేటు, ఆరింటికన్న షో ఎనిమిదిన్నరకి మొదలైంది. పది ఫైట్లన్నారు, ఆరే జరిగాయి. ఒకడు ఒప్పుకున్న బరువుకి దిగలేదు, ఒకడి బ్లడ్ రిపోర్ట్ రాలేదు, మిగతా రెండూ ఎందుకు ఆగిపోయాయో చెప్పేవాడే లేడు. టికెట్ 300 రూపాయలు, కానీ నా వరసలో కొనుక్కుని వచ్చింది నేనొక్కణ్ణే అనుకుంటా, మిగతావాళ్లంతా పాసులు. ఫైట్లు మాత్రం బాగున్నాయి, అబద్ధం ఎందుకు. మనూరి కుర్రాడొకడు రెండో రౌండ్లో వెనకనుంచి మెడ పట్టేసి అవతలోడి చేత ట్యాప్ చేయించినప్పుడు, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పించినప్పుడు, హాలంతా లేచి నిలబడింది. చివర్లో నిర్వాహకుడు మైక్ పట్టుకుని, మూడు నెలల్లో బీచ్ రోడ్డులో దీనికి డబుల్ రేంజ్‌లో చేస్తాం అన్నాడు. ఏడాది దాటింది.

ఆయన్ని తిట్టడానికి రాయట్లేదు ఇది. కోట్ల డాలర్లు పట్టుకుని దిగినోళ్లు కూడా అక్కడే బోల్తా కొట్టారు మరి. అమెరికాలో టీషర్టుల కంపెనీ అఫ్లిక్షన్ 2008లో ప్రమోషన్, అంటే ఫైట్ షోలు పెట్టే సంస్థ, పెట్టింది, మొదటి షోకే రష్యా హెవీవెయిట్ స్టార్ ఫెడోర్‌ని తెచ్చింది, అతను యూఎఫ్‌సీ మాజీ ఛాంపియన్ టిమ్ సిల్వియాని 36 సెకన్లలో అవగొట్టేశాడు. సరే, తర్వాత? 2009 జనవరిలో ఇంకోటి చేశారు, ఆగస్టులో మూడోది పెట్టుకుంటే జోష్ బార్నెట్ డోప్ టెస్టులో దొరికిపోయాడు, షో కేన్సిల్, కంపెనీ మళ్లీ వెళ్లి ఈ ఆటలో అన్నిటికన్నా పెద్ద ప్రమోషన్ యూఎఫ్‌సీకే స్పాన్సర్ అయింది. ఎలీట్ ఎక్స్‌సీ అనే ఇంకో ప్రమోషన్‌ది ఇంకా ఘోరం. 2008 అక్టోబర్లో అమెరికా టీవీ ఛానెల్ సీబీఎస్ ప్రైమ్ టైమ్‌లో, వీధి కొట్లాటల వీడియోలతో పేరొచ్చిన కింబో స్లైస్‌ని చూపిస్తుంటే, అదే రోజు ప్రత్యర్థి కంటి దగ్గర తెగి తప్పుకున్నాడు, అదే షోలో వేరే ఫైట్‌కి వచ్చిన సేత్ పెట్రుజెల్లీని ఎక్కించారు, 14 సెకన్లలో కింబో కింద పడ్డాడు. కొన్ని వారాల్లో దుకాణం బంద్. మొన్నమొన్న గ్లోబల్ ఫైట్ లీగ్ అయితే పాత పెద్ద పేర్లన్నీ పోగేసి, జట్లు ఫైటర్లని ఎంచుకునే డ్రాఫ్ట్ కూడా పెట్టి, 2025 మేలో లాస్ ఏంజిల్స్‌లో మొదలెడతామని చెప్పి ఆ షోలే ఆపేసుకుంది, డబ్బు పెడతానన్నాయన పెట్టలేదు. దానికి మొదటి షో యోగం కూడా లేకపోయింది.

మన దగ్గర కూడా అంతే కదా. 2012లో రాజ్ కుంద్రా, సంజయ్ దత్ కలిసి సూపర్ ఫైట్ లీగ్ పెట్టి ముంబైలో మొదటి షోకి అమెరికా భారీకాయుడు బాబ్ సాప్‌ని దింపారు, అతను మొదటి రౌండ్లోనే కాలికి దెబ్బ తగిలిందని ఓడిపోయాడు. పేరున్నోడు వస్తే జనం ఒక్కసారి చూస్తారు, గురూ. కానీ అతను చెక్కు కోసం వచ్చాడు, ఇక్కడ ఎవడి మీదా పగ లేదు, ఏ బెల్టు మీదా ఆశ లేదు. ఇవాళ గెలిచినోడు రేపు ఎవడితో తలపడతాడు అన్న ప్రశ్న జనంలో పుట్టాలి, నా లెక్కలో ప్రమోషన్ అమ్మే సరుకు అదొక్కటే.

ఆ ప్రశ్న పుట్టించడం ఎంత కష్టమో చిన్న లెక్కేద్దాం. ప్రో కబడ్డీ 2025 సీజన్ మన వైజాగ్‌లోనే మొదలైంది, అక్కడ ఒక రైడర్ సీజన్లో ఇరవై దాకా మ్యాచులు ఆడతాడు, వారం తిరిగేసరికి పిల్లలకి పేరు నోటికొచ్చేస్తుంది. ఫైటర్ ఏడాదికి రెండు మూడుసార్లే కేజ్ ఎక్కగలడు. నెలకో షో, షోకి పది ఫైట్లు అంటే ఏడాదికి 240 చోట్లు, ఒక్కొక్కడు మూడుసార్లు ఆడినా 80 మంది కావాలి, అదీ ఎవడికీ దెబ్బ తగలకపోతే. ఆ 80 మందిని మళ్లీ బరువుల వారీగా పంచుకోవాలి. శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా గాలించినా అంతమంది తేలరు. మణిపూర్ నుంచో హర్యానా నుంచో తేవాలి, టికెట్లు, రూములు, కోచ్ ఖర్చు, పైగా వాళ్ల కోసం ఇక్కడ హాలుకొచ్చే చుట్టాలూ స్నేహితులూ ఉండరు.

వైజాగ్‌లో కొట్లాడే పిల్లలు లేరా అంటే బోలెడు మంది ఉన్నారు. బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయిన నిఖత్ జరీన్ ఇక్కడి సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) సెంటర్లో కోచ్ ఐ. వెంకటేశ్వరరావు గారి దగ్గర తయారైన అమ్మాయే. కానీ బాక్సింగ్ గ్లోవ్స్ కొనిచ్చే తండ్రికి వెనక రైల్వే ఉద్యోగమో స్పోర్ట్స్ కోటానో కనపడుతుంది. ఎంఎంఏ అని చెప్తే "ఆ తర్వాతేటి?" అంటాడు, దానికి జవాబు చెప్పిన కోచ్‌ని నేనింకా చూడలేదు.

ఇంక స్పాన్సర్లు. గేమింగ్ యాప్‌ల డబ్బు ఉంటుందిలే అనుకునేవాళ్లు, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని ఆపుతూ 2025 ఆగస్టులో వచ్చిన చట్టంతో డ్రీమ్11 ఇండియా క్రికెట్ జెర్సీ మీదనుంచే దిగిపోయింది, ఇక మనకేం మిగులుతుంది? జిమ్ములు, ప్రోటీన్ డబ్బాలు, మధురవాడ వైపు ప్లాట్లమ్మేవాళ్లు. టీవీ సంగతి చెప్పక్కర్లేదు, ఆదివారం పొద్దున్న ఇడ్లీ తింటూ యూఎఫ్‌సీ చూసేవాడు మన ఫంక్షన్ హాల్ వీడియోని దాంతోనే పోలుస్తాడు.

యూఎఫ్‌సీ అందర్నీ తొక్కేస్తోంది అనేవాళ్ల మాటలోనూ నిజముంది. పోటీ లేకుండా చేసి తమ జీతాలు తొక్కేసిందని ఫైటర్లు వేసిన యాంటీట్రస్ట్ కేసులో 37.5 కోట్ల డాలర్లకి రాజీపడింది, ఊరికే పడలేదు. కానీ ఆ యూఎఫ్‌సీ కూడా తేలిగ్గా లేవలేదు. 2001లో లాస్ వేగాస్ క్యాసినోల యజమానులు ఫెర్టిటా సోదరులు దాన్ని 20 లక్షల డాలర్లకి కొని, 2005లో ఫైటర్లతో తీసిన టీవీ రియాలిటీ షో క్లిక్ అయ్యేదాకా 4 కోట్ల డాలర్ల పైనే పోగొట్టుకున్నారు. వెనక క్యాసినోలున్నాయి కాబట్టి ఓర్చుకున్నారు. నాలుగేళ్లు నష్టం ఓర్చుకోలేనివాడు యూఎఫ్‌సీలా ఆడితే ఎలా? ఇంగ్లండ్‌లో కేజ్ వారియర్స్ అనే చిన్న ప్రమోషన్‌ని చూడండి, తర్వాత యూఎఫ్‌సీలో పెద్ద స్టారైన మెక్‌గ్రెగర్ అక్కడ రెండు బెల్టులు కొట్టాకే 2013లో యూఎఫ్‌సీలో అడుగుపెట్టాడు, వాళ్లు పెద్ద సంస్థలకి ఫైటర్లని తయారుచేసే నర్సరీగానే బతుకుతున్నారు. నాకైతే ఇక్కడ కూడా 400 కుర్చీల హాలు, రెండు మూడు బరువులు, రెండు నెలలకో షో, ఐదారు ఫైట్లు, అంతా ఉత్తరాంధ్ర కుర్రాళ్లే, ఇది చాలనిపిస్తుంది. డాక్టర్, అంబులెన్స్, బ్లడ్ టెస్టులు మాత్రం పూర్తిగా ఉండాలి, మనకి అమెరికాలో నెవాడా రాష్ట్రంలో లాగా ఫైట్లని అదుపు చేసే సర్కారు కమిషన్ లేదు కాబట్టి అడిగేవాడుండడు, అందుకే ఎక్కువ జాగ్రత్త. ఆ డబ్బు బీచ్ రోడ్డు లైటింగ్‌కి పోకూడదు.

మొన్న ఆ రోజు గెలిచిన కుర్రాణ్ణి గాజువాక జిమ్ములో చూశాను, సాయంత్రం బ్యాచ్‌కి వెయిట్ లాస్ క్లాస్ చెప్తున్నాడు. నెక్స్ట్ ఫైట్ ఎప్పుడు తమ్ముడూ అంటే, ఆ షో పెట్టినాయన ఫోన్ ఎత్తట్లేదన్నా అన్నాడు. ఆ రోజు 61 కేజీలకి దిగినోడు, ఇప్పుడు 72 ఉన్నాడంట.