అరువు షో గారికి, గురువారం స్లాట్ విషయమై

మహారాజశ్రీ సిండికేటెడ్ షో గారి సముఖానికి,

శ్రోతలే ఎపిసోడ్లు చేసి నడుపుకునే పాడ్‌కాస్ట్‌లో క్యూ, అంటే రాబోయే ఎపిసోడ్ల వరస, చూసుకునే వాలంటీర్ రాసుకునే విన్నపం. ఒక గురువారం స్లాట్ ఖాళీగా ఉంటే, వేరే పాడ్‌కాస్ట్ కోసం తయారైన తమరు మా దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చారు. ఈ ఒక్కసారికే కదా అనుకున్నాం. ఆ ఒక్కసారి ఇంకా అయిపోలేదు.

తమరొచ్చాక నాకెంత సుఖం! ఎవర్నీ బతిమాలే పని లేదు. తమరి ఆడియోలో ఫ్యాన్ చప్పుడుండదు, "ఒక్క నిమిషం, ఎవరో తలుపు కొడుతున్నారు" ఉండదు. కాకపోతే నోరు తెరవగానే ఇంకో పాడ్‌కాస్ట్ పేరు చెప్పి స్వాగతం పలుకుతారు. "పోయిన వారం చెప్పుకున్నాం కదా" అంటారు. ఎవరితో చెప్పుకున్నారు స్వామీ? చివర్లో స్పాన్సర్ డిస్కౌంట్ కోడ్ ఒకటి, మా దాకా వచ్చేసరికి దాని గడువు తీరి మూడు వారాలు. పైగా తమరి సొంత పాడ్‌కాస్టూ మాదీ రెండూ వినేవాళ్లకి అదే ఎపిసోడ్ రెండుసార్లు దిగుతుంది. రెండిటికీ ఐడీలు వేరాయె, యాప్‌కి మాత్రం ఏం తెలుస్తుంది!

లైసెన్సు సంగతి మూడో నెలలో గానీ చూడలేదు, తప్పు నాదే. మాది క్రియేటివ్ కామన్స్ బై-ఎస్ఏ. పేరు చెప్పి, అదే లైసెన్సుతో, అమ్ముకోడానికైనా వాడుకోవచ్చు. తమరి నుదుట "వ్యాపారానికి కాదు" అని రాసుంది. దాని మీద మా చీటీ అంటించే హక్కు మాకెక్కడిది?

ఈ తెలివి ముందే తెచ్చుకున్నవాళ్లున్నారు. 2005లో 'టుడే విత్ ఎ టెకీ'గా మొదలైన హ్యాకర్ పబ్లిక్ రేడియో అనే పాడ్‌కాస్ట్, అదీ మాలాగే శ్రోతలు నడిపేదే, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకో షో వేస్తుంది. అయినా బయటివి తెచ్చి వెయ్యం, మాకోసం చేసినవే వేస్తాం అని నియమం పెట్టుకుంది. వారానికి ఐదంటే ఏడాదికి 260. ఏడాదికొక్కటి ఇచ్చే శ్రోతలు 260 మంది ఉంటే గడిచిపోతుంది.

నియమాలు మేమూ రాశాం. "మాట అర్థమైతే చాలు, స్టూడియో అక్కర్లేదు. మరెక్కడా రానిదై ఉండాలి." దాని కిందే చిన్న అక్షరాల్లో, "క్యూ ఖాళీగా ఉన్నప్పుడు తప్ప." తమరు దూరింది ఆ సందులోంచే. దూరాక క్యూ ఎప్పుడు చూసినా నిండుగానే కనబడింది. నిండు క్యూ చూసి మైకు తీసే శ్రోత ఎక్కడైనా ఉంటాడా?

అందుకని ఆ చివరి ముక్క కొట్టేశాం. వచ్చే గురువారం గడి ఖాళీగా, ఎర్రగా వదిలేశాం. నిన్న రాత్రి ఒక ఫైల్ వచ్చింది, పదకొండు నిమిషాలది: పాత కీబోర్డు మీటలు ఊడదీసి కడగడం. ఏడో నిమిషంలో ఒక మీట కింద పడింది. మనిషి మాట ఆపకుండానే బల్ల కిందకి దూరాడు. గొంతు సన్నబడి, "ఆఁ, దొరికింది" అంటూ మళ్లీ దగ్గరకొచ్చింది. ఏమీ కత్తిరించలేదు. తమరి చోటు దానికిచ్చాం.

ఇట్లు,
క్యూ కాపలాదారు

తా.క.: ఆ డిస్కౌంట్ కోడ్లు ఒక్కటీ పనిచెయ్యలేదు. అన్నీ కొట్టి చూశాను.